ఉప్పు పడకముందే ఒక గరిటె: ఎనిమిది నెలలు దాటిన బిడ్డకు భోజనం వండే పద్ధతి

మొదటివాడప్పుడు మా ఇంట్లో రెండు వంటలు జరిగేవి. ఇంటిల్లిపాదికీ ఒకటి, వాడికొకటి. వాడికోసం వేరే చిన్న కుక్కరు, వేరే మిక్సీ జారు, వేరే జల్లెడ. ఇంతా చేస్తే వాడు తినేది నాలుగు చెంచాలు, నేను తోమేది పద్నాలుగు గిన్నెలు. రెండోది పుట్టేసరికి ఆ ఓపిక ఎటుపోయిందో పోయింది. అది చూసి మా అత్తగారు, "పప్పులో ఉప్పూ కారం పడకముందే ఒక గరిటె తీసి పక్కన పెట్టుకో అమ్మాయ్, దానికింత హడావుడి ఎందుకు?" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో వంట ఒకటే. ఇక్కడ చెప్పేదంతా ఆ పద్ధతే.

ఇది ఎనిమిది నెలల నుంచి ఏడాది లోపు పిల్లల కోసం. ఆరు నెలలు నిండగానే జావలూ మెత్తటి అన్నమూ మొదలుపెట్టి ఉంటారు కదా, దాని తర్వాతి మెట్టు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, బరువు సరిగ్గా పెరగకపోతున్నా, ఏదైనా తిన్నప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చిన అనుభవం ఉన్నా, ముందు పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

ఎంత, ఎన్నిసార్లు

ఎనిమిది నెలల వరకు రోజుకు రెండు మూడు సార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు భోజనం. మధ్యలో అడిగితే ఒకటి రెండు సార్లు పండో, ఇడ్లీ ముక్కో. ఒక పూటకి 250 మి.లీ. గిన్నెలో సగం వరకు తింటే తొమ్మిది, పది నెలల బిడ్డకు సరిపోయినట్టే. తల్లిపాలు మాత్రం ఎప్పటిలాగే కొనసాగాలి. ఈ వయసులో బిడ్డకు కావలసిన శక్తిలో సగం దాకా పాల నుంచే వస్తుంది. అందుకే ఒక పూట సరిగ్గా తినలేదని కంగారు పడక్కర్లేదు.

కొలత కన్నా ముఖ్యమైనది చిక్కదనం. మనవాళ్లకి ఒక అలవాటు ఉంది, అరగదేమోనని పప్పు మీద తేట తీసి, అన్నం వార్చిన గంజి కలిపి పోస్తారు. బిడ్డ పొట్ట చిన్నది. ఆ పొట్టలో సగం నీళ్లే చేరితే బలమెక్కడ పడుతుంది? పరీక్ష చాలా సులువు. చెంచాతో తీసి కాస్త వంచండి. గబుక్కున కారిపోతే పల్చన. నిలబడి, మెల్లగా ముద్దగా జారితే సరైన పాకం.

పప్పన్నం, అన్నిటికీ మూలం

ఒక పూటకి కొలత ఇది. బియ్యం రెండు పెద్ద చెంచాలు, పొట్టు తీసిన పెసరపప్పు ఒక పెద్ద చెంచా. బియ్యంలో సగం పప్పన్నమాట. రెండింటినీ కడిగి ఒక చిన్న స్టీలు గిన్నెలో వేసి ముప్పావు గ్లాసు నీళ్లు పోయండి. ఇంటి అన్నం కుక్కర్లో పెట్టేటప్పుడే, అన్నం గిన్నె మీద ఈ చిన్న గిన్నె కూర్చోబెట్టండి. వేరే పొయ్యి, వేరే గ్యాసు ఖర్చు లేవు. మామూలుగా మీ బియ్యానికి వచ్చే కూతల కన్నా ఒకటి రెండు ఎక్కువ రానివ్వండి. మనకి అన్నం కాస్త మెత్తనైతే ఏం కొంపలు మునగవు.

ఆ గిన్నెలోనే కూర కూడా ఉడికిపోతుంది. తీపి గుమ్మడికాయ, క్యారెట్, చిలగడదుంప, పాలకూర, తోటకూర, ఏది ఉంటే అది, సన్నగా తరిగి గుప్పెడు. ఆనపకాయ, బీరకాయ మనకి ఇష్టమే కానీ వాటిలో ఎక్కువ భాగం నీరే. అవి పెట్టిన రోజు పప్పు కాస్త పెంచండి. మునగాకు దొరికితే వదలొద్దు. ఈనెలు లేకుండా దూసి, నాలుగైదు రెమ్మల ఆకు వేస్తే చాలు, ఎక్కువైతే చేదు తెలుస్తుంది.

కుక్కరు దిగాక పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు. ఎందుకో కిందకి వచ్చాక చెప్తాను. మెదిపాక అర చెంచా నుంచి ఒక చిన్న చెంచా నెయ్యి, నాలుగు చుక్కల నిమ్మరసం. నెయ్యి రుచికే కాదు, చిన్న ముద్దలో ఎక్కువ శక్తి ఇమడాలంటే కాస్త కొవ్వు ఉండాలి. నిమ్మరసం సంగతి ఇనుము దగ్గర చెప్తాను. ఉప్పు వేయకండి. ఏడాది నిండేవరకు పాలలోనూ కూరల్లోనూ సహజంగా ఉన్నదే చాలు. "చప్పగా ఉంటే ఎలా తింటాడు?" అని ఇంటికొచ్చిన ప్రతివారూ అడుగుతారు. ఉప్పు రుచి ఎలా ఉంటుందో తెలియని నాలుకకి చప్పదనం కూడా తెలియదు. చప్పన మనకి, వాడికి కాదు.

పెసరపప్పు బదులు ఒకరోజు కంది, ఒకరోజు ఎర్ర కందిపప్పు మార్చుకోవచ్చు. ఇంట్లో పప్పు వేరే గిన్నెలో ఉడికించేవాళ్లయితే మా అత్తగారి మాటే సూత్రం. పోపు వేయకముందు, ఉప్పు, కారం, చింతపండు పడకముందు ఒక గరిటె పప్పు తీసి బిడ్డ అన్నంలో మెదపడమే. అదే పద్ధతి ఇడ్లీకీ. రుబ్బిన పిండిలో ఉప్పు కలిపే ముందు చిన్న గిన్నెడు విడిగా తీసి పులియబెట్టండి. పెరుగన్నానికి ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు చాలు. పులిసినది వద్దు.

రాగి జావ, కాస్త ఓపికతో

రాగుల్లో కాల్షియం ఎక్కువ. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల్లో 350 మి.గ్రా. చుట్టుపక్కల ఉంటుంది, మిగతా ధాన్యాలేవీ దరిదాపుల్లోకి రావు. కానీ మామూలు రాగిపిండితో ఒక చిక్కు ఉంది. కొంచెం వేయగానే చిక్కబడుతుంది, దాంతో నీళ్లు పోస్తూ పోతాం, చివరికి గిన్నెడు జావలో ఉన్న పిండి రెండు చెంచాలు.

దీనికి పాత మందు మొలకెత్తించడం. రాగులు మట్టి, రాళ్లు లేకుండా గాలించి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే నీళ్లు వంచి పలచటి గుడ్డలో మూటకట్టి, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ ఒకరోజు ఉంచితే సన్నటి తెల్ల మొలకలు వస్తాయి. నీడలో బాగా ఆరబెట్టి, సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక రెండు చేతుల మధ్య నలిపి మొలకలు చేటతో చెరిగేయండి. తర్వాత పిండి పట్టించండి. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఒక పదార్థం పిండిని కరిగిస్తుంది కాబట్టి, అదే నీళ్లలో ఎక్కువ పిండి పట్టినా జావ గట్టిపడదు. తడి మొలకల మీద సూక్ష్మజీవులు చేరే అవకాశం ఉంది కనుక ఈ పిండిని వేడినీళ్లలో కలిపి పెట్టేయకుండా, తప్పకుండా ఐదారు నిమిషాలు ఉడికించాలి.

మర గురించి ఒక మాట. వేసవిలో మిరపకాయలు ఆడిన తర్వాత మనది వేస్తే ఏమవుతుందో నాకు అనుభవం. మొదటి గిన్నె తినిపించగానే పిల్ల నోరు చప్పరించి, నా వైపు నమ్మకం పోయిన చూపు చూసింది. పొద్దున్నే మర తెరవగానే వెళ్లి, ముందు ఏం ఆడారో కనుక్కుని వేయించుకోండి. లేదా కొంచెం కొంచెంగా ఇంట్లో మిక్సీలోనే ఆడుకోండి.

వండేటప్పుడు రెండు పెద్ద చెంచాల పిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ముక్కాలు గ్లాసు నీళ్లు మరిగాక అందులో పోసి, సన్నసెగ మీద తిప్పుతూ ఉండండి. దించాక మెదిపిన చక్కెరకేళి అరటిపండో, నెయ్యో కలపండి. బెల్లం, పంచదార రెండూ వద్దు. తేనె అసలు వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనెలో ఉండే ఒకరకం సూక్ష్మజీవి వల్ల నరాలు చచ్చుపడే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పాతకాలపు మందు తేనెలో రంగరించి నాకించే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లు నొచ్చుకోకుండా గట్టిగా చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

ఇనుము: అసలు కథ ఇక్కడుంది

పుట్టేటప్పుడు తల్లి ఇచ్చిన ఇనుము నిల్వ ఆరు నెలలకి తరిగిపోతుంది. తల్లిపాలలో ఉండేది కొద్దిపాటిది. మిగతాది గిన్నెలోంచి రావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అంటే మన వీధిలో ఆడుకునే పిల్లల్లో ముగ్గురికి ఇద్దరు. పాలన్నం, పెరుగన్నం, అరటిపండుతో రోజు గడిపేస్తే బిడ్డ బొద్దుగానే ఉండొచ్చు, రక్తం మాత్రం పట్టదు.

గుడ్డు తినే ఇల్లయితే రోజూ గుడ్డు పెట్టండి. పన్నెండు నిమిషాలు పూర్తిగా ఉడికించి, పచ్చసొన, తెల్లసొన రెండూ మెదిపి అన్నంలో కలపండి. తెల్లసొన ఏడాదిదాకా ఆపాలన్నది పాత మాట. ఇప్పుడు ఆపమనట్లేదు. మొదటిసారి మాత్రం పొద్దున పూట, చిన్న ముక్కతో మొదలుపెట్టి, ఆ రోజు కొత్తది ఇంకేమీ పెట్టకండి. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు కనిపిస్తే ఆపి డాక్టరు దగ్గరకు. వేరుశెనగకీ ఇదే పద్ధతి. గింజగా ఎప్పుడూ కాదు, మెత్తగా నూరిన పేస్టు చిటికెడు జావలో కలిపి.

మాంసం తినేవాళ్లు కోడి కార్జం (లివర్) ముక్క వారానికి ఒకసారి ఉడికించి పప్పన్నంలో మెదపండి. దానిలో విటమిన్ ఎ బాగా ఎక్కువ, అందుకే ఒక్కసారితో ఆపడం. చేపల్లో కొర్రమీను, చందువ లాంటివి ఆవిరి మీద ఉడికించి, వేళ్లతో చిదుముతూ ముల్లు తగలట్లేదని రూఢి చేసుకుని పెట్టండి. చెంచాతో చిదిమితే ముల్లు తెలియదు, వేళ్లే నమ్మకం.

శాకాహారులకి తోటకూర, మునగాకు, పప్పులు, శనగలు ఉన్నాయి. వీటిలోని ఇనుము ఒంటికి పట్టడం కాస్త తక్కువ, విటమిన్ సి తోడైతే మెరుగవుతుంది. నిమ్మరసం, జామ గుజ్జు, టమాటా అందుకే. శనగలు రాత్రంతా నానబెట్టి బాగా ఉడికించి, తొక్క వదిలించి మెదపాలి. ఇక దీనికి శత్రువు టీ. సాయంత్రం తాతగారి టీలో బిస్కెట్టు ముంచి మనవడి నోట్లో పెట్టడం ఎంత ముద్దుగా ఉన్నా, టీ ఆ ఇనుమును పట్టనివ్వదు. బిస్కెట్టులో మైదా, పంచదార తప్ప పెద్దగా ఏమీ లేదు. తాతగారి చేతికి అరటిపండు ఇవ్వండి.

ఇంకొకటి ఉచితంగా దొరుకుతుంది, చాలామంది తీసుకోరు. ఆరు నెలల నుంచి ఐదేళ్లవరకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్ ఇవ్వాలన్నది రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమంలో భాగం. ఆశా కార్యకర్తని అడగండి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది ఇనుము రంగు. బిడ్డకు తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) ఉంటే, ఉందని అనుమానం ఉంటే మాత్రం డాక్టరుని అడగకుండా ఇవ్వకండి.

తెలంగాణ అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార కలిపిన పొడి. దీన్ని కొంచెం నీళ్లలో కాసేపు ఉడికించి చిక్కగా పెట్టొచ్చు. తీపి ఉంటుంది కాబట్టి మూడు పూటలూ అదే కాకుండా ఒక పూటకి పరిమితం చేస్తే సరి. అక్కడికి వెళ్లినప్పుడు బరువు కూడా తూయించి, తల్లీబిడ్డల కార్డులో గీత పైకి పోతోందో లేదో చూడండి. తినలేదని వాళ్లూ వీళ్లూ అనే మాటల కన్నా ఆ గీత నిజం చెప్తుంది.

మిక్సీ ఎందుకు వద్దన్నానంటే

మొదటివాడికి పదకొండో నెల దాకా అన్నీ మెత్తగా పేస్టు చేసి పోశాను. తర్వాత ఒక్క మెతుకు గట్టిగా తగిలినా ఉమ్మేసేవాడు. దారిలో పెట్టడానికి మూడు నెలలు పట్టింది. నమిలే అలవాటు ఎనిమిది, తొమ్మిది నెలల మధ్యే రావాలి. పళ్లు రాలేదని ఆగక్కర్లేదు, చిగుళ్లతో మెదుపుతారు.

అందుకని ఎనిమిదో నెలలో పప్పుగుత్తితో సగం మెదిపి, చిన్న ఉండలు ఉండనివ్వండి. తొమ్మిదో నెలలో మెత్తగా ఉడికిన క్యారెట్, చిలగడదుంప వేలంత పొడవు ముక్కలు, ఇడ్లీ ముక్క, మెత్తటి చపాతీ తునక చేతికి ఇవ్వండి. పదో నెలకి మన అన్నమే, కాస్త మెత్తగా పిసికి. ముక్క ఎంత మెత్తగా ఉండాలంటే, మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే చిదిమిపోవాలి.

ద్రాక్ష, వేరుశెనగ గింజలు, మరమరాలు, జంతికలు, పచ్చి క్యారెట్, యాపిల్ ముక్క, జామ గింజలు, ఇవేవీ చేతికి దొరకనివ్వకండి. ద్రాక్ష ఇవ్వాలనుకుంటే నిలువుగా నాలుగు ముక్కలు కోసి. పడుకోబెట్టి, నడుస్తూ, నవ్విస్తూ తినిపించకండి. కూర్చోబెట్టండి, మీరు ఎదురుగా ఉండండి.

కొత్త ముద్ద నోట్లో పడితే కొందరు పిల్లలు ముఖం ఎర్రబడి, దగ్గి, వాంతి వచ్చినట్టు చేసి మళ్లీ తింటారు. శబ్దం వస్తుంటే కంగారుపడి నోట్లో వేళ్లు పెట్టకండి, వాళ్లే సర్దుకుంటారు. శబ్దమే రాకుండా, ఏడవలేక, ఊపిరి ఆడక నీలిబడుతుంటే అది గొంతులో అడ్డం పడినట్టు. బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందకి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మొదలుతో ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య అరచేతి మొదలుతో ఐదు నొక్కులు. అడ్డం పోయేదాకా ఇవే మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఎవరైనా 108కి ఫోన్ చేయాలి. ఈ పద్ధతి ముందే ఒకసారి నేర్చుకుని ఉంచుకోండి, ఆ క్షణాన చదివే తీరిక ఉండదు.

గిన్నె దగ్గర కూర్చున్నాక

ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చాలు. మొహం తిప్పేసినా, పెదాలు బిగించినా ఆకలి తీరిందనే. ఇంకో ముద్ద బలవంతంగా కుక్కితే రేపు గిన్నె చూడగానే ఏడుస్తుంది. కొత్త కూరను రెండుసార్లు ఉమ్మిందని ఆపకండి, పది పదిహేను సార్లు రుచి చూశాక ఇష్టపడే పిల్లలు బోలెడంతమంది. ఫోనులో పాటలు పెట్టి తినిపించడం గురించి నేను చెప్పకపోవడమే మంచిది, ఎందుకంటే రెండుసార్లు నేనూ పెట్టాను. ఆ తర్వాత మూడో రోజు ఫోను లేకుండా నోరు తెరవలేదు.

తన చేతికీ ఒక చెంచా ఇవ్వండి. నేలంతా అన్నం అవుతుంది. కింద పాత చీర పరచుకుంటే ఊడ్చే పని తప్పుతుంది, దులిపితే పోతుంది. మధ్యలో కాచి చల్లార్చిన నీళ్లు రెండు గుక్కలు, పాలసీసాతో కాదు, గ్లాసుతో. పళ్లరసం ఏడాదిదాకా వద్దు, పండే పెట్టండి. ఆవుపాలు, గేదెపాలు ప్రధానంగా తాగే పాలుగా ఏడాది నిండాకే. ఈలోగా పెరుగు పెట్టొచ్చు.

తింటూ మిగిల్చింది దాచకండి. చెంచాతో నోటి ఎంగిలి గిన్నెలోకి వెళ్తుంది కాబట్టి త్వరగా పాడవుతుంది. అందుకే గిన్నెలోకి ముందు సగమే వేయండి, అడిగితే మళ్లీ. ముట్టని అన్నమయితే బయట రెండు గంటలు మించి ఉంచకూడదు, మన మే నెల ఎండల్లో గంటే లెక్క. ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని మర్నాడు ఒక్కసారే పొగలు వచ్చేదాకా వేడిచేసి పెట్టండి. పదే పదే వేడి చేయొద్దు. తినిపించే ముందు మీ చేతులూ బిడ్డ చేతులూ సబ్బుతో కడగడం ఎలాగూ చేస్తారు.

ఊరికి వెళ్తున్నప్పుడు

రైల్లో పొయ్యి లేదు, అమ్మే ఇడ్లీలో ఎంత ఉప్పుందో తెలియదు. దీనికి అటుకుల పొడి మంచి ఉపాయం. మూడు కప్పుల పలచటి అటుకులు కరకరలాడేదాకా నూనె లేకుండా వేయించి, ఒక కప్పు పుట్నాలపప్పు కూడా కాసేపు వేడిచేసి, రెండూ చల్లారాక మెత్తగా పొడి చేసి జల్లించండి. అటుకులూ పుట్నాలూ ముందే ఉడికి, వేగి ఉన్నవే కాబట్టి వీటికి మళ్లీ వంట అక్కర్లేదు. గాలి చొరని డబ్బాలో పది రోజులు ఆగుతుంది. పచ్చి బియ్యం, పప్పులతో చేసిన ఉగ్గు పొడికి మాత్రం ఈ పద్ధతి కుదరదు, దాన్ని ఎనిమిది పది నిమిషాలు ఉడికించాల్సిందే.

ఫ్లాస్కులో మరిగిన నీళ్లు పోసుకెళ్లండి. మూడు చెంచాల పొడి గిన్నెలో వేసి, వేడినీళ్లు పోసి కలిపి మూత పెడితే ఐదు నిమిషాల్లో ఉబ్బి మెత్తబడుతుంది. గట్టిగా ఉంటే ఇంకో రెండు చెంచాల నీళ్లు. మీ సంచిలో ఉన్న అరటిపండు సగం విరిచి మెదిపి కలపండి, మిగతా సగం మీరు తినండి. చల్లారేలోపు బిడ్డను కిటికీ పక్క కూర్చోబెట్టుకుని చేతులు తుడవండి.